త్వరలో... మీ కుళాయిలో

మిక్సీ దగ్గర మొదలైంది గొడవ.

హైమవతి వంటింట్లో కొబ్బరి పచ్చడి రుబ్బుతోంది. హాల్లో ఆమె భర్త పుండరీకాక్షరావు ఫోనుని ఖాళీ స్టీలు గ్లాసులో నిలబెట్టి, దాని ముందు పద్మాసనం వేసుకుని కూర్చున్నాడు. గ్లాసులో పెడితే శబ్దం గంభీరంగా వస్తుందని ఆఫీసులో ఎవరో చెప్పారట. ఉన్నట్టుండి ఆయన కేక పెట్టాడు.

"హైమా! ఆపు! ఆపవే దాన్ని!"

ఇల్లంటుకుందేమోనని ఆమె తడి చేతులతోనే పరుగెత్తుకొచ్చింది. ఇల్లు చెక్కుచెదరకుండా ఉంది. ఆయన ముఖం మాత్రం ఉన్నదంతా పోగొట్టుకున్నవాడి ముఖంలా ఉంది.

"ఏవైందండీ?"

"ఏవైందా? సరిగ్గా నిశ్శబ్దం వచ్చే టైముకి మిక్సీ వేశావు."

"నిశ్శబ్దం రావడమేవిటండీ? చప్పుడు కదా వచ్చేది?"

"ట్రైలర్లో నిశ్శబ్దమే ప్రాణం హైమా. ముందు ఎక్కడో అడుగునుంచి గుయ్యిమని ఒక మోత. తర్వాత టిక్కు టిక్కుమని గడియారం. తలుపు కనపడుతుంది, కట్. కన్ను, కట్. ఎవరో పరుగు, కట్. ముక్కలు పొట్టివవుతూ వస్తాయి, గుండె చప్పుడు జోరందుకుంటుంది. ఠక్కున తెర నల్లబడిపోతుంది. చప్పుడుండదు. ఊపిరి బిగబట్టి కూర్చుంటాం చూడు, అప్పుడు పడుతుంది ఢాం అని! నువ్వేమో ఆ ఊపిరి బిగబట్టే చోట కొబ్బరి ముక్కలు పోశావు."

"మీకు నిశ్శబ్దం కావాలా, ఇడ్లీలోకి పచ్చడి కావాలా?"

ఆయన నిజాయితీగా కాసేపు ఆలోచించాడు. "రెండూ కావాలి."

"ఒకటే ఉంది," అని ఆమె లోపలికెళ్లి, నలిగిపోయిన పచ్చడినే అవసరం లేకపోయినా ఇంకో తిప్పు తిప్పింది.

పడక్కుర్చీలోంచి అత్తగారు నరసాంబ తల ఎత్తింది. "ఒరే పుండరీకం, ఇంతకీ ఆ సినిమాలో ఎవరు చచ్చిపోయార్రా?"

"అది చెప్పరమ్మా. ట్రైలర్లో కథ చెప్పకూడదు."

"చెప్పని కాడికి పిలిచి కూర్చోబెట్టడం దేనికిరా?"

ఈ ప్రశ్న సోమలింగపురం పురపాలక సంఘంలో ఎవరైనా ఒక్కరు సమయానికి అడిగి ఉంటే, తర్వాత జరిగినవేవీ జరిగేవి కావు.

పుండరీకాక్షరావు సరదాకి ట్రైలర్లు చూసే మనిషి కాడు. ఆయన పురపాలక సంఘంలో నీటి సరఫరా విభాగానికి సూపరింటెండెంటు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఊళ్లో నీళ్లు ఆగినప్పుడల్లా నోటీసు రాసింది ఆయనే. 'ఇందుమూలముగా యావన్మంది పట్టణ ప్రజలకు తెలియజేయునది ఏమనగా' అని ఎత్తుకుని, పైపు ఎందుకు పాతబడిందో, ఎవరి ఆదేశాల మేరకు బాగుచేస్తున్నారో వివరించి, ఆయన క్రియాపదం దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు నీళ్లు మళ్లీ వచ్చేసేవి. ఇప్పుడాయన ట్రైలర్లు చూస్తున్నది కమిషనర్ గారి ఆదేశం మీద.

కమిషనర్ ప్రద్యుమ్న గారు కొత్తగా వచ్చారు. వచ్చిన కొత్తల్లోనే, ఎండలు ముదురుతున్న రోజుల్లో, పెద్ద పైపు మరమ్మతుకి నీళ్లు ఆపవలసి వచ్చింది. నోటీసు బోర్డు మీద నోటీసు అంటించారు. ఎవరూ చూడలేదు. నీళ్లు ఆగాక ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వచ్చి ఆఫీసు ముందు బైఠాయించారు. "నోటీసు వేశాం కదమ్మా" అని కమిషనర్ గారు స్వయంగా బోర్డు దగ్గరికి తీసుకెళ్లి చూపించబోతే, దాని మీద ఎవరో 'పెళ్లికాని యువకులకు గది అద్దెకివ్వబడును' అని అంటించి ఉన్నారు.

ఆ మనస్తాపంతో ఆయన కుటుంబ సమేతంగా సినిమాకి వెళ్లారు. అసలు సినిమాకి ముందు ఇంకేదో హత్యల సినిమా ట్రైలర్ వేశారు. హాలు హాలంతా గుడ్లప్పగించింది. చంటిపిల్ల ఏడుపు మానేసింది. ముందు వరసలో ఒకాయన సమోసాని నోటిదాకా తీసుకెళ్లి, ట్రైలర్ అయ్యేదాకా అక్కడే పట్టుకుని ఉండిపోయాడు. కమిషనర్ గారు తెరను చూడలేదు. ఆ సమోసానే చూస్తూ కూర్చున్నారు.

సోమవారం ఉదయం విభాగాధిపతులందరినీ సమావేశపరిచారు.

"మన వైఫల్యమునకు మూలకారణం సమాచార లోపం కాదు," అన్నారు. "సమాచార ఆధిక్యత. ప్రజలకు మనం అన్నీ చెప్పేస్తున్నాం. చెప్పేసిన విషయం మీద ఎవరికి ఆసక్తి ఉంటుంది? కావున ఇకమీదట పురపాలక సంఘం జారీ చేయు ప్రతి ప్రకటనా ట్రైలర్ రూపమున ఉండవలెను. తేదీ, సమయము, స్థలము అను మూడు అంశములు ఎట్టి పరిస్థితులలోనూ బహిర్గతం కారాదు. అవి బహిర్గతమైనచో ఉత్కంఠ నశించును."

ఇంజినీరు సన్యాసిరాజు చెయ్యెత్తాడు. ప్రతి సమావేశానికీ మినిట్సు రాసేది ఆయనే. "సార్, ఎప్పుడు ఆగుతాయో చెప్పకపోతే, నీళ్లు ఆగుతాయని జనానికి ఎలా తెలుస్తుందండీ?"

"ఆగినప్పుడు తెలుస్తుంది. అదే పతాక సన్నివేశం."

సన్యాసిరాజు కూర్చుని, 'సందేహము నివృత్తి అయినది' అని మినిట్సులో రాసుకున్నాడు.

దీనికి 'ఉత్కంఠ విధానం' అని పేరు పెట్టారు. తేదీ, సమయం, స్థలం బయటపెట్టిన ఉద్యోగిపై, అతడు వాటిని స్వంత భార్యతో చెప్పినా సరే, కథ వెల్లడించిన నేరం కింద శాఖాపరమైన చర్య ఉంటుందన్నారు. అధిపతులందరూ కుడిచెయ్యి చాచి ప్రమాణం చేశారు. మరమ్మతు ఇంకా మిగిలే ఉంది కనుక మొదటి ట్రైలర్ తీసే గౌరవం నీటి సరఫరా విభాగానికి దక్కింది.

ఊళ్లో పెళ్లి వీడియోలు తీసే సుభానిని 'ఉత్కంఠ సలహాదారు'గా నియమించారు. సుభాని కోసిన పెళ్లి ట్రైలర్లు చూస్తే, ఆ పెళ్లి జరిగిందో లేదో పెళ్లికొడుకు తండ్రికే అనుమానం వచ్చేది. అతను మొదటి రోజే సూత్రం చెప్పేశాడు.

"సార్, భయపెట్టేది బొమ్మ కాదు, చప్పుడు. బొమ్మని చూపించీ చూపించక లాగేసుకోవాలి. చప్పుడుని మాత్రం కడుపులోకి దించాలి."

పంపు హౌసులో తుప్పుపట్టిన వాల్వు చక్రం తిప్పించి ఆ కిర్రుమనే చప్పుడు రికార్డు చేశాడు. దాన్ని నెమ్మది చేస్తే గుహలో ఏనుగు ఏడ్చినట్టు వినిపించింది. వెనక వినపడే గొంతుకోసం ఎంతమందినో ప్రయత్నించి, చివరికి పుండరీకాక్షరావుని నిలబెట్టాడు.

"మాటకీ మాటకీ మధ్య గుటక మింగండి సార్. వాక్యం పూర్తి చెయ్యకండి. మీరు వాక్యం పూర్తి చేస్తే నా ఎడిటింగంతా గోదాట్లో కలిసిపోద్ది."

జీవితమంతా వాక్యాలు పూర్తిచేయడానికే కష్టపడిన పుండరీకాక్షరావుకి ఈ మాట వింతగానూ, హాయిగానూ ఉంది.

ఆ ట్రైలర్ని హైమవతి కూరగాయల మార్కెట్టు కూడలిలో చూసింది. అల్లం కోసం వెళ్లింది. జనమంతా సంచులతో నిలబడి మెడలు సాచి పురపాలక సంఘం కట్టిన పెద్ద తెర కేసి చూస్తున్నారు. దోసకాయలమ్మే మనిషి తక్కెడ ఎత్తి తూచడం మరిచిపోయాడు.

తెర నల్లగా ఉంది. టప్‌మని ఒక చుక్క పడింది. కుళాయి మూతిన ఇంకో చుక్క, పడబోతూ. కట్. బిందె అంచు పట్టుకున్న ముసలి చెయ్యి. కట్. అడుగునుంచి గుయ్యిమని మోత. "ఈ వేసవిలో..." అన్నది గొంతు. తుప్పుపట్టిన చక్రం కిర్రుమంటూ తిరిగింది. "ఒక పైపు..." నోటినిండా పేస్టు నురగతో కుళాయి విప్పబోతున్న ఒకాయన. కట్. "ఒక పట్టణం..." బిందె, చెయ్యి, చక్రం, నురగ, చుక్క, బిందె, చక్రం, చుక్క! అన్నీ ఆగిపోయాయి. మార్కెట్టంతా ఊపిరి బిగబట్టింది. ఎక్కడో ఒక మేక అరవబోయి మానుకుంది.

ఢాం!

'త్వరలో... మీ కుళాయిలో.'

చప్పట్లు మోగాయి. హైమవతికి చేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఆమె దేన్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. చీర కొంటే మడతలన్నీ విప్పి చూస్తుంది, నవల చదివితే అచ్చుతప్పుల్ని పెన్సిలుతో దిద్దుతుంది. బాగా తీశారనే అనుకుంది. ఆ గొంతు తన మొగుడిదని తెలిశాక కొంచెం గర్వపడింది కూడా. అయితే ఆమెకు కావలసిన ఒక్క సంగతీ అందులో లేదు.

పక్కనున్న ఇల్లాలు పైకే అడిగేసింది. "ఇంతకీ నీళ్లెప్పుడు ఆగుతాయిట?"

"ఊరుకోండమ్మా," అని కసిరాడు దోసకాయలాయన. "చెప్పేస్తే ఇంక మజా ఏవుంటది?"

హైమవతికి కావలసింది ఆదివారం సంగతి. రాబోయే ఆదివారం నరసాంబ గారి వెయ్యి పున్నముల పండగ. ఆవిడ వెయ్యి నిండు చందమామలు చూసింది కనుక ఇంట్లో శాంతి చేయించి, కలశాల నీళ్లతో మంగళస్నానం చేయించి, బంధువులకీ వీధివాళ్లకీ ఆఫీసువాళ్లకీ భోజనాలు పెట్టాలి. కలశాలు నింపాలన్నా, గుండిగలు కడగాలన్నా, అంతమంది చేతులు కడుక్కోవాలన్నా నీళ్లు కావాలి. ఇంటి పెద్దావిడ వెయ్యి పున్నముల పండగ మళ్లీ చేసుకునేది కాదు.

ఆ సాయంత్రం కాఫీ ఇస్తూ అడిగింది. "ఏవండీ, ఆదివారం నీళ్లొస్తాయా?"

పుండరీకాక్షరావు కప్పు అందుకుని, ఫ్యాను కేసి చూసి, గుటక మింగాడు. "హైమా... ఆదివారం... ఒక ఇల్లు..."

"మామూలుగా చెప్పండి."

"ప్రమాణం చేశానే. భార్యకి కూడా చెప్పకూడదని విడిగా అనిపించారు."

"ఒరే, నేను నీ భార్యని కాదుగా," అంది నరసాంబ. "నాకు చెప్పు."

"అమ్మకీ చెప్పకూడదమ్మా."

"అమ్మ అని కూడా అనిపించారా?"

"కుటుంబ సభ్యులు అన్నారు."

"నీ కమిషనరు తల్లి కడుపు చల్లగుండా. ఎవర్నీ వదల్లేదన్నమాట," అని ఆవిడ మళ్లీ కుర్చీలో వాలింది.

హైమవతి ఆయన్ని మళ్లీ అడగలేదు. అడిగితే ఆయన బాధపడతాడు, బాధపడినా చెప్పడు. ట్యాంకరు తెప్పించుకుందామని మర్నాడు తనే పురపాలక సంఘానికి వెళ్లింది.

అప్పటికి ఉత్కంఠ విధానం అన్ని విభాగాలకూ పాకింది. ట్రైలర్ రాబోతోందని ఒక టీజరు, ఆ టీజరు రాబోతోందని ఒక పోస్టరు రావాలని కమిషనర్ గారు మెరుగుపరిచారు. పోస్టరులో ఏమీ తెలియకూడదు కనుక అది వట్టి నల్లకాగితం. నోటీసు బోర్డు నిండా నల్లకాగితాలే. ఇంటి పన్ను నోటీసు కూడా నల్లకాగితంగానే ఇంటింటికీ వచ్చింది. ఎంత కట్టాలో, ఎప్పటిలోగా కట్టాలో అందులో లేదు కనుక, దాన్ని అందుకున్నవాళ్లు ఎంతో మర్యాదగా ఇంట్లో దాచుకున్నారు.

విచారణ కిటికీలో ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడు. హైమవతికి ముందు నిలబడ్డాయన కొడుకు జనన ధ్రువపత్రం కోసం వచ్చాడు.

"మీ అబ్బాయి పేరు..." అని గుమాస్తా ఆగాడు. ఆయన మెడ సాచాడు. "...మీరు పెట్టిందే." వెనక బల్ల మీద అటెండరు అప్పలస్వామి ఇనుప ట్రంకుపెట్టె మూత దబ్బున వేశాడు. "పూర్తి పేరు త్వరలో."

"నా కొడుకు పేరు నాకు తెలుసండీ బాబూ. అది కాగితం మీద వేసివ్వమంటున్నాను."

"మొదటి అక్షరం వేసిచ్చాం కదండీ. ప్రస్తుతానికి దాంతో బళ్లో చేర్పించండి."

హైమవతి ముందుకు జరిగింది. "ట్యాంకరు కావాలండి. ఫోను నంబరు ఇస్తారా?"

గుమాస్తా అంకెలు ఒక్కొక్కటే చెబుతూ, చెబుతున్నకొద్దీ వేగం పెంచుతూ పోయి, చివరి అంకె ముందు ఠక్కున ఆగిపోయాడు. అప్పలస్వామి ట్రంకుపెట్టె మూత మీద చెయ్యి వేసి సిద్ధంగా నిలబడ్డాడు.

"ఆఖరి అంకె?"

"అదే చెప్పకూడదండి."

ఆమె ఇంటికొచ్చి సున్నా దగ్గర మొదలుపెట్టి వరసగా చేసి చూసింది. ఎక్కడో ఒక పిండిమర, ఎక్కడో ఒక దంతవైద్యుడు, ఎవరో నిద్రమత్తులో ఉన్న పెద్దమనిషి దొరికారు. ఎట్టకేలకు ట్యాంకరు కూడా దొరికింది. "పంపిస్తామండీ," అన్నాడు ట్యాంకరతను. "ఎప్పుడని మాత్రం అడక్కండి. మాకూ చెప్పొద్దన్నారు."

ఈలోగా ఊళ్లో ఇంకో చిత్రం జరిగింది. నీళ్లు ఎప్పుడు ఆగుతాయో తెలియదు కనుక అందరూ ప్రతిరోజూ అదే ఆఖరు రోజన్నట్టు పట్టుకోసాగారు. బిందెలు, బకెట్లు, పాలగిన్నెలు, చివరికి కుక్కర్లు కూడా నిండాయి. నిన్నటి నీళ్లు పారబోసి ఇవాళ్టివి పట్టారు. దాంతో పెద్ద ట్యాంకు పొద్దున్నే ఖాళీ అయిపోయి, ఎవరూ వాల్వు ముట్టుకోకుండానే రోజూ నీళ్లు ఆగిపోతున్నాయి. ఇంజినీరు సన్యాసిరాజు ఈ సంగతి కమిషనర్ గారికి విన్నవించాడు.

"చూశారా?" అన్నారాయన ఉప్పొంగిపోతూ. "పూర్వం నీళ్లు మనం ఆపేవాళ్లం. ఇప్పుడు ప్రజలే ఆపుకుంటున్నారు. భాగస్వామ్యం అంటే ఇదే. రాసుకోండి."

సన్యాసిరాజు రాసుకున్నాడు.

శనివారం వచ్చింది, ట్యాంకరు రాలేదు. హైమవతి వాకిట్లో కూర్చుని గుత్తివంకాయకి వంకాయలు ఏరుతూ మొగుణ్ణి గమనిస్తోంది. ఆయన ఆదివారం పొద్దున తీరిగ్గా గీసుకునే గెడ్డాన్ని శనివారం సాయంత్రమే గీసుకున్నాడు. కట్. కాసేపటికి పెరట్లోకెళ్లి ఏ పండగా లేకుండా తలంటి పోసుకొచ్చాడు. కట్. పూజ గదిలో పంచపాత్ర అంచుదాకా నింపాడు. తర్వాత కాఫీ ఫ్లాస్కులో మంచినీళ్లు పోసి, మూత బిగించి, చుట్టూ చూసి, బీరువా వెనకాల పెట్టాడు. కుళాయి పక్కనుంచి వెళుతూ, ఊరికి వెళ్లిపోతున్న చుట్టాన్ని చూసినట్టు దాని కేసి ఒక చూపు చూశాడు.

విడివిడిగా చూస్తే ఒక్కదాన్లోనూ ఏమీ లేదు. పక్కపక్కన అతికించుకుని చూస్తే కథంతా ఉంది. ఇన్నేళ్ల కాపురంలో హైమవతికి ఆయన తీసిన ఏ ట్రైలరూ అర్థం కాకుండా పోలేదు.

ఆమె వంకాయల పళ్లెం పక్కన పెట్టి లేచింది. వంటల మేస్త్రి దగ్గర్నుంచి గంగాళాలూ, ప్లాస్టిక్ డ్రమ్ములూ తెప్పించింది. సాయంత్రం ట్యాంకు నిండి మళ్లీ నీళ్లు వదిలే వేళకి కుళాయికి గొట్టం తగిలించి అన్నీ వరసగా నింపడం మొదలుపెట్టింది. పుండరీకాక్షరావు బయటికొచ్చి నోరు తెరిచాడు.

"హైమా, నేనేం చెప్పలేదు."

"నేనేం అడగలేదు."

"ప్రమాణం..."

"మాట మీద కదండీ చేసింది? గంగాళం రెండోవైపు పట్టుకోవడానికి అడ్డొస్తుందా?"

ఆయన ప్రమాణాన్ని మనసులో మొదటినుంచీ చివరిదాకా ఒకసారి చదువుకున్నాడు. "రాదు," అని పంచె ఎగ్గట్టి గంగాళం పట్టుకున్నాడు.

ఎదురింటి భ్రమరాంబ గోడమీంచి ఇదంతా చూసింది. సూపరింటెండెంటు గారింట్లో గంగాళాలు నిండుతున్నాయంటే ఆవిడకి ఇంకేం చెప్పనక్కర్లేదు. చీకటి పడేలోగా ఆ వీధి, పక్క వీధి, ఆ పక్క వీధి నింపుకున్నాయి. ఎవరూ ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు.

ఆదివారం తెల్లవారాక కుళాయిలు కిర్రుమని, సుస్సుమని, ఊరుకున్నాయి. ట్రైలర్ నిజమైంది. నరసాంబ గారి ఇంట్లో మటుకు కలశాలు నిండుగా ఉన్నాయి. మంగళస్నానం ఘనంగా జరిగింది. ఆవిడ తడి జుట్టు ఆరబెట్టుకుంటూ, "ఆ నీళ్లు మరికాస్త వేడిగా ఉంటే ఇంకో వెయ్యి చూద్దును," అంది.

భోజనాల వేళకి కమిషనర్ ప్రద్యుమ్న గారు వచ్చారు. గుమ్మంలో ఉండగానే సెంటు వాసన పెరటిదాకా వెళ్లింది. జుట్టు పొడిగా, ముఖం జిడ్డుగా ఉన్నాయి. ఆయన నియమం మీద ఎంత నిలబడ్డారంటే, ఇవాళ నీళ్లు ఆగుతాయని తన ఇంట్లో కూడా చెప్పలేదు. అందువల్ల స్నానం లేదు, కాఫీ లేదు, టిఫిను లేదు. ఆయన శ్రీమతి తలకి కుంకుడురసం పట్టించుకుని ఉండగా నీళ్లు ఆగాయట. ఆవిడ భోజనానికి రాలేదు.

"పట్టణమంతా దిగ్భ్రాంతి," అన్నారాయన సంతోషంగా. "అద్భుతమైన ఆదరణ!" అని బంతిలో మొదటి ఆకు ముందు కూర్చుని, ఆకు మీద నీళ్లు చిలకరించుకున్నారు. పక్కన పుండరీకాక్షరావు, ఆ పక్కన సన్యాసిరాజు. ఎదురుగా కుర్చీలో నరసాంబ.

అందరి ఆకుల్లోనూ వడ్డన మొదలైంది. మొదటి ఆకుని వదిలేసి.

వంటింట్లో ఆవాలు చిటపటలాడటం మొదలైంది. ముందు ఒకటి, ఆగి ఇంకొకటి, ఆ తర్వాత గబగబా. ఇంగువ వాసన మెల్లగా వచ్చి కమిషనర్ గారి ముక్కు దగ్గర ఆగింది. ఆయన గుటక మింగారు. హైమవతి మూత పెట్టిన గిన్నెతో వచ్చి ఆయన ఆకు పైన ఆపి, మూత తీసింది. నూనెలో తేలుతున్న గుత్తివంకాయలు. మూత వేసేసింది. వెళ్లిపోయింది. మళ్లీ వచ్చింది. పులిహోర ఒక గరిటెడు, పైన వేయించిన వేరుశెనగలు. ఆకు దాకా దించి, వెనక్కి తీసుకుంది. పప్పు. తీసేసింది. ఆయన చెవి పక్కనే అప్పడం ఫెళ్లుమని విరిచింది. ఆ అప్పడం పుండరీకాక్షరావు ఆకులో పడింది. నెయ్యి గిన్నె, బూరెల పళ్లెం, వంకాయ, నెయ్యి, బూరె, ఒకదాని వెనక ఒకటి ఆయన కళ్ల ముందు నుంచి వేగంగా వెళ్లిపోయాయి. ఠక్కున అన్నీ ఆగిపోయాయి.

హైమవతి చేతులు కట్టుకుని నిలబడింది. బంతిలో నమలడం ఆగింది. ఆమె ఇత్తడి పళ్లెం మీద గరిటె ఒక్కసారి వేసింది.

ఢణ్!

"త్వరలో," అంది మర్యాదగా.

కమిషనర్ గారు ఖాళీ ఆకు కేసి చూశారు. ఆమె కేసి చూశారు. "అమ్మా, చాలా... చాలా బాగుంది. మరి వడ్డన?"

"తప్పకుండా ఉంటుందండీ."

"ఎప్పుడు?"

జవాబు నరసాంబ చెప్పింది. "చెప్పకూడదుట నాయనా. చెప్తే మజా పోతుందిట."

పుండరీకాక్షరావు పప్పన్నం కలపడం ఆపేశాడు. ఉద్యోగం ఈ క్షణంలో పోతుందా, పై క్షణంలో పోతుందా అన్నట్టు ఆకు కేసే చూస్తూ కూర్చున్నాడు. కమిషనర్ గారి కడుపు అడుగునుంచి గుయ్యిమంది. బంతంతా విన్నది.

ఆయన గొంతు సవరించుకున్నారు. "పురపాలక సంఘం తరఫున..." అని మొదలుపెట్టి, ఆ మాట పక్కన పెట్టేశారు. "రేపటినుంచి కాదు, ఇప్పటినుంచే. ప్రతి నోటీసులోనూ ఏ రోజు, ఎన్ని గంటలకి, ఏ వీధిలో అన్నది మొదటి వాక్యంలోనే ఉండాలి. బొమ్మలొద్దు. చప్పుళ్లొద్దు. సూపరింటెండెంటు గారూ, మొదటి ప్రకటన ఇక్కడే, ఇప్పుడే చేసేయండి. అమ్మా, ఆ వంకాయ..."

"ప్రకటన కానివ్వండి," అంది హైమవతి.

పుండరీకాక్షరావు ఎంగిలి చెయ్యి పక్కకి పెట్టుకుని లేచి నిలబడ్డాడు. 'ఇందుమూలముగా' అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఊపిరి పీల్చుకుని నోరు తెరిచాడు.

వంటింట్లో మిక్సీ గుర్రుమంది. రెండో బంతికోసం భ్రమరాంబ కొబ్బరి పచ్చడి వేస్తోంది.

హైమవతి గబగబా లోపలికెళ్లి మిక్సీ ఆపేసింది. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది. ఆవిడ గుమ్మంలోకి వచ్చి, మొగుడి కేసి చూసి, "ఊఁ, ఇప్పుడు చెప్పండి," అంది.

"ఇవాళ సాయంత్రం ఐదు గంటలకి ఊళ్లో అన్ని వీధుల్లోనూ నీళ్లు వస్తాయి," అన్నాడాయన.

వాక్యం పూర్తయింది. బంతి బంతంతా ఎడమచేతులతో ఆకుల పక్కన చరుస్తూ హర్షం తెలియజేసింది. హైమవతి గిన్నె మూత పూర్తిగా తీసి, కమిషనర్ గారి ఆకులో రెండు గుత్తివంకాయలు, వాటి మీద ధారాళంగా నూనె వడ్డించింది. ఆయన అన్నం కోసం ఆగకుండా ఒక వంకాయ మొత్తం నోట్లో పెట్టుకున్నారు.

"నాయనా," అంది నరసాంబ. "నీళ్ల నోటీసు నువ్వన్నట్టే కానీ. ఇంటి పన్ను నోటీసు మటుకు ఆ నల్లకాయితమే ఉంచు. అది బావుంది."

కమిషనర్ గారు ఏదో చెప్పబోయారు. నోటినిండా వంకాయ ఉంది. చెయ్యి ఊపారు. ఆ ఊపు కాదనో, సరేననో, మరికాస్త వడ్డించమనో చెప్పడం కష్టం.

ఇంజినీరు సన్యాసిరాజు బంతి నలువైపులా చూసి, ఎవరికీ అభ్యంతరం లేకపోవడం గమనించి, పులిహోర ముద్ద పక్కన పెట్టి గంభీరంగా ప్రకటించాడు.

"రెండు తీర్మానాలూ ఏకగ్రీవంగా ఆమోదించబడినవి."